పద్దెనిమిదో ప్రశ్న

ప్రభుత్వానికి ఇచ్చే భద్రతా పత్రంలో ఇరవై ఆరు ప్రశ్నలుంటాయి. పద్దెనిమిదోది ఇది: ఎరువు కలిపిన మట్టిని మనుషులు తినే అవకాశం ఉందా?

లేదు, అని రాశాను. రాస్తూ నవ్వాను కూడా.

ఆ రోజు గదిలో ఢిల్లీ నుంచి వచ్చిన కమిటీవాళ్లు ముగ్గురున్నారు. వాళ్లలో ఒకావిడ కళ్లజోడు కిందికి జార్చి, "మీ పల్లెల్లో గర్భిణులు మట్టి తింటారని చదివాను, నిజమేనా?" అనడిగింది. ఆవిడ మామూలుగానే అడిగి ఉండొచ్చు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇన్నేళ్లు చదివి, ఇంత పరిశోధన చేసి, ఈవిడ ముందు మన్ను తినేవాళ్ల ఇంటి పిల్లలా నిలబడాలా అనిపించింది. "అవి మా అమ్మమ్మల నాటి సంగతులండీ, ఇప్పుడెవరు తింటారు?" అన్నాను. ఆవిడ తలూపి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయింది.

మా అమ్మ తినేది. నేను కడుపులో ఉన్నప్పుడు పొయ్యి అంచు గిల్లి గిల్లి సగం పొయ్యి తినేసిందని మా నాయనమ్మ ఎగతాళి చేసేది. నేను కూడా ఎనిమిదేళ్లు వచ్చేదాకా, వాన పడితే చాలు, తడి గోడకు నాలుక ఆనించేదాన్ని. మా అన్న చూశాడంటే వీపు విమానం మోత మోగేది. ఇవన్నీ తెలిసే లేదని రాశాను. అవునని రాస్తే, ఆ మట్టి మనిషి కడుపులో ఏమవుతుందో తేల్చే పరీక్ష ఒకటి చేయాలి. దానికి ఇంకో ఏడాది పడుతుంది. ఆ ఏడాది ఆగే ఓపిక నాకు లేకపోయింది.

నా పేరు చంద్రకళ. మట్టి శాస్త్రవేత్తను. నోటి దురుసు మనిషినని మా పరిశోధన కేంద్రంలో నాకు పేరు, అది నిజమే. పెళ్లి చేసుకోలేదు. నాకున్నది మా అన్న మొగులయ్య, అతని ఒక్కగానొక్క కూతురు వినోద.

మా ఊరు ఇప్పలకుంట. నగరం పొలిమేర దాటాక, వాగు పక్కన ఉంటుంది. పాత బ్యాటరీలు కరిగించి సీసం తీసే కొలుములు మా వాగు ఒడ్డున ఇరవై ఏళ్లు మండాయి. తర్వాత ఎవరో కేసు వేస్తే మూతపడ్డాయి. యజమానులు గేట్లకు తాళాలు వేసుకుని వెళ్లిపోయారు. సీసం మాత్రం ఎక్కడికీ పోలేదు, పొలాల్లోనే ఉండిపోయింది. అది కుళ్లదు, కాలదు, ఎండకు ఎగిరిపోదు. మా అన్న రెండెకరాల్లో పాలకూర, తోటకూర పండించేవాడు. నగరంలో ఇప్పలకుంట కూర అంటే కొనడం మానేశారు. అమ్ముడుపోని కూరను మా వదిన పారబోయలేక వండుకుని తినేది. ఆమె కిడ్నీలు పోయి, నలభై ఏడేళ్లకే చనిపోయింది. అప్పటికి నా పరిశోధన మొదలై తొమ్మిదేళ్లయింది. ఒక్క ఏడాది ముందు అయిపోయి ఉంటే బతికేదేమో అని నాలో నేనే కుమిలిపోయాను. తొందర అందుకే.

ఇంతకీ మేము తయారుచేసింది ఒక ఎరువు. పెళ్లి హాళ్లలో విస్తళ్లలో మిగిలిన అన్నం, రైతుబజారు కుళ్లు, కోళ్లఫారాల చెత్త, చెరకు రసం బండ్ల పిప్పి, అన్నీ కలిపి మాగబెడితే నల్లగా, మెత్తగా వచ్చేది. అందులో మేము ఒక సూక్ష్మజీవిని పెంచాం. మట్టిలో మామూలుగా ఉండే జీవే, దాని స్వభావం కొంచెం మార్చాం. ఎరువు తింటూ బతుకుతుంది. సీసం తగిలితే దాని చుట్టూ తన జిగురు చుట్టేసి గింజ కట్టేస్తుంది. ఇసుక రేణువు కన్నా చిన్న గింజ. వేరు దాన్ని కొరకలేదు, నీళ్లు కరిగించలేవు. సీసం పొలంలోనే ఉంటుంది, కూరలోకి మాత్రం ఎక్కదు.

ఈ జీవిలో చాలా రకాలు పెంచితే చివరికి రెండు మిగిలాయి. పదిహేడో నంబరు, ఇరవై రెండో నంబరు. గింజ కట్టడంలో రెండూ సమానమే. తేడా ఒక్క వాసనలోనే. తొలకరికి నేల నుంచి లేచే కమ్మటి వాసన ఉంది చూశారా, అది నిజానికి మట్టిది కాదు, మట్టిలోని ఇలాంటి జీవులు విడిచేది. పదిహేడు ఆ వాసనను పుట్టించదు సరికదా, చుట్టుపక్కల ఉన్నదాన్ని కూడా తినేస్తుంది. ఇరవై రెండు మామూలు కన్నా నాలుగింతలు విడుస్తుంది.

ఏది తీసుకోవాలో తేలక, ఒకరోజు మా అన్నను ల్యాబుకు పిలిపించాను. చెప్పులు బయట విడిచి, గుడిలోకి వచ్చినట్టు వచ్చాడు. యంత్రాలు నడిపే ఫసీయుద్దీన్, మేమంతా ఫసీ అంటాం, రెండు సీసాలూ తెచ్చి చెరి కాసిన్ని నీళ్లు చిలకరించి అన్న ముందు పెట్టాడు. అన్న మొదటిది వాసన చూసి పక్కన పెట్టాడు. రెండోది మూత తీశాడు. తీసినవాడు చాలాసేపు తల ఎత్తలేదు. ఎత్తేసరికి కళ్లు నిండి ఉన్నాయి.

"గిది మన చిన్నప్పటి చెల్క మన్ను వాసన చెల్లె," అన్నాడు. "కొలుములు రాకముందు గిట్లనే ఉండేది. వాన అవతలి ఊర్ల పడుతుంటేనే నాకు తెలిసిపోయేది. అమ్మ ఎండబెట్టిన జొన్నలన్నీ లోపల పెట్టేటోన్ని."

ఫసీ మొహం తిప్పుకుని ముక్కు చీదుకున్నాడు. నేను అప్పటికప్పుడు ఇరవై రెండో నంబరు అని పుస్తకంలో రాసేశాను.

అన్న పొలంలోనే మొదటి ప్రయోగం, ఆ వెంటే ఊరి పొలాలన్నిటికీ. ఊళ్లోవాళ్లు దానికి నల్లెరువు అని పేరు పెట్టుకున్నారు. రెండో పంటకే పాలకూరలో సీసం జాడ లేకుండా పోయింది. బోరు నీళ్లు శుభ్రం. మక్కజొన్నలు శుభ్రం. ఆకుకూర మళ్లీ ఆటోలెక్కి నగరానికి వెళ్లింది. మరో నలభై ఊళ్లకు ఇదే ఎరువు ఇవ్వాలని పథకం తయారైంది. తొలకరి పడిన రోజు అన్న ఫోన్ చేసి, "వాసన వస్తున్నదా?" అని నగరంలో ఉన్న నన్ను అడిగాడు. వస్తున్నదని చెప్పాను. అంత సంతోషం నా జన్మలో ఎరగను.

ఆ తొలకరికే వినోద పుట్టింటికి వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లోనే కదా. మామూలుగా ఏడో నెలలో వస్తారు. దీనికి వాంతులు ఆగడం లేదని, భర్త భాస్కర్ ఐదో నెల రాగానే తెచ్చి దించి వెళ్లాడు. అతను లారీ నడుపుతాడు, నెలకు ఇరవై రోజులు రోడ్డు మీదే. ఇంట్లో చూసుకోవడానికి తల్లి లేదు. తండ్రితో అన్నీ చెప్పుకోలేదు. ఆదివారం ఆదివారం మేనత్తను నేను వెళ్లేదాన్ని. వెళ్లి ఏం చేసేదాన్నంటే, తిట్టేదాన్ని.

"గోళ్ల నిండా ఆ నలుపేంటే? చేతులు కడుక్కోకుండానే అన్నం తింటున్నావా? ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా, అటక మీదికి విసిరేస్తున్నావా?"

అది నవ్వేది. నవ్వితే చిగుళ్ల అంచున నీలంగా ఒక గీత కనిపించేది. అల్లనేరేళ్ల కాలం. "పళ్లు తోముకో, నేరేళ్లు తిని నోరంతా చూడు ఎలా చేసుకున్నావో," అన్నాను. చదువుకున్నదాన్ని, సీసం గురించి పుస్తకంలో అధ్యాయం రాసినదాన్ని, ఆ గీతను కళ్లారా చూసి నేరేడు పండనుకున్నాను.

ఏడో నెల పరీక్షలో రక్తం బాగా తక్కువగా ఉందన్నారు. మా ఇళ్లలో ఆడవాళ్లకు అది మామూలే అని పెద్దగా పట్టించుకోలేదు. కానీ నాకొక ఆలోచన వచ్చింది. ప్రయోగం నివేదిక చివరికొచ్చింది. నల్లెరువు వేసిన పొలం మధ్య ఉంటూ, ఆ కూరే తింటూ, ఆ నీళ్లే తాగుతున్న గర్భిణి రక్తం కూడా శుభ్రంగా ఉందని ఒక్క వాక్యం రాస్తే ఎంత బాగుంటుంది? దాని రక్తం కాస్త సీసాలో పట్టించి ల్యాబుకు తెచ్చాను. గొప్ప చెప్పుకోవడానికి తెచ్చాను, దాని ఆరోగ్యం కోసం కాదు. ఈ మాట ఇవాళ్టికీ మింగుడుపడదు.

మర్నాడు ఉదయం ఫసీ నా గదికి వచ్చి నిలబడ్డాడు. మామూలుగా తలుపు దగ్గర నుంచే అరిచి చెప్పే మనిషి.

"మేడమ్, మూడుసార్లు పెట్టిన. మెషిన్ తప్పు లేదు," అన్నాడు.

కాగితం మీద సీసం కొలత అరవై ఎనిమిది. ఐదు దాటితేనే డాక్టర్లు జాగ్రత్త పడమంటారు.

"సీసా కడగలేదు నువ్వు," అన్నాను.

"కొత్త సీసా మేడమ్."

అతని మీద అరిచాను. తర్వాత నేనే కూర్చుని మళ్లీ పెట్టాను. అరవై ఏడు వచ్చింది.

ఆ వారమంతా అన్న ఇంట్లోని వస్తువులన్నీ ల్యాబుకు మోశాను. బోరు నీళ్లు, బియ్యం, పసుపు, కుంకుమ, కారం, పాలకూర, వంటగిన్నెలు, గోడ సున్నం, కాటుక డబ్బా. అన్నీ శుభ్రం. అన్నిటికన్నా పాలకూర శుభ్రం, దేశంలో ఎక్కడా అంత శుభ్రమైన కూర దొరకదేమో. నేను తయారుచేసింది నూటికి నూరుపాళ్లు పనిచేస్తోంది, నా మేనకోడలి ఒంట్లో మాత్రం సీసం నిండుతోంది.

శుక్రవారం మధ్యాహ్నం ఫసీ టీ గ్లాసు నా ముందు పెట్టి, మెల్లగా అడిగాడు. "మేడమ్, తప్పుగా అనుకోకండి. అమ్మాయి మట్టి గిట్ల తింటుందా? మా ఆపా, పెద్దక్క, కడుపుతో ఉన్నప్పుడు తినేది. కొత్త కుండ కొంటే రెండు దినాలకు అంచు ఉండకపోయేది."

"పిచ్చి మాటలు మాట్లాడకు," అన్నాను. అంటూనే నా నోట్లో నీళ్లూరాయి. చిన్నప్పటి తడిగోడ రుచి నాలుక మీదికి వచ్చింది. గ్లాసు అక్కడే వదిలేసి కారు తాళాలు తీసుకున్నాను.

ఊరు చేరేసరికి రెండైంది. అన్న మార్కెట్‌కు పోయాడు. వినోద ఇంట్లో లేదు. పక్కింటి సాయవ్వ అరుగు మీద కూర్చుని, "చెల్క దిక్కు పోయింది బిడ్డా, రోజు గీ యాళ్లకు పోతది," అంది. పొద్దున వాన పడి వెలిసింది. పొలంలోకి దిగగానే ఆ వాసన నన్ను చుట్టేసింది. ఆకలి పుట్టించే వాసన. అంతకుముందు ఎన్నిసార్లు వచ్చినా అది ఆకలి పుట్టించేదని నేనెందుకు గమనించలేదో నాకు తెలియదు.

వినోద గట్టు మీద కూర్చుని ఉంది. ఒళ్లో కొంగు పరుచుకుని, తడి పెళ్ల ఒకటి చిన్న చిన్న ముక్కలుగా తుంచుకుని, పేలాలు తిన్నట్టు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటోంది. నన్ను చూసి కొంగు గబుక్కున ముడిచింది. పదేళ్లప్పుడు బెల్లం దొంగతనం చేసి దొరికినప్పుడు పెట్టిన మొహమే పెట్టింది.

"ఎన్ని రోజుల నుంచి?" అన్నాను.

"వచ్చిన కాడికెల్లి," అంది తల వంచుకుని.

"నాకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తె తిడ్తవు గద అత్తా. గింత సదువుకున్నదానివి, నా కోడలు మన్ను తింటదా అని నీకు షరమైతదనుకున్న." కొంగు ముడిని వేళ్లతో నలిపింది. "అన్నం వాసనొస్తె కక్కొస్తున్నది. గీ మన్ను ఒక్కటే ఇముడుతది. గీ వాసనొస్తె నోరు ఆగది అత్తా, ఏం చెయ్యను? గయినా దీన్ని మంచిగ చేసింది నువ్వే గద. మంచిదే గదా అని తిన్న."

దాని కొంగు ముడి విప్పి మట్టంతా కింద దులిపాను. దాన్ని దగ్గరికి లాక్కున్నాను. ఏమైందో తెలియక, అది భయపడి ఏడవడం మొదలుపెట్టింది. తిడితే బాగుండునన్నట్టు చూసింది. నాకు తిట్టడానికి నోరు రాలేదు.

శనివారం సెలవైనా ఫసీ ల్యాబుకు వచ్చాడు. మనిషి కడుపులో ఉండేటంత ఆమ్లం, ఒంట్లో ఉండేటంత వెచ్చదనం ఒక గాజు కుప్పెలో సిద్ధం చేసి, అందులో అన్న పొలం మట్టి చెంచాడు వేసి, ఊగే బల్ల మీద పెట్టాడు. ఒక్క గంట. గంట తర్వాత వడకట్టి చూస్తే గింజల్లో సగానికి పైగా కరిగిపోయాయి. వేరు కొరకలేనిది, వాన కరిగించలేనిది, కడుపులోని పులుపుకు ఉప్పుగల్లులా విడిపోయింది. చేయడానికి ఏడాది పడుతుందని నేను భయపడిన పరీక్ష ఇదే. ఏడాది పట్టేది పద్ధతి ప్రకారం కాగితాలు నింపడానికి. నిజం తెలియడానికి గంట చాలింది.

కొలుములున్న రోజుల్లో మా మట్టి తుప్పు కంపు కొట్టేది, ఎవరూ నోట్లో పెట్టుకునేవాళ్లు కాదు. ఆ కంపే మా ఆడవాళ్లను కాపాడింది. దాన్ని పోగొట్టి, కమ్మటి వాసన పూసి, తినమని వాళ్ల ముందు పెట్టింది నేను.

వినోదను పెద్దాసుపత్రిలో చేర్చాం. సీసాన్ని బయటికి లాగే మందులున్నాయి, కానీ కడుపులో బిడ్డ ఉండగా ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడారు. పాలు, క్యాల్షియం, ఐరన్ ఇస్తూ రోజూ చూశారు. మట్టి మానేసింది. కొలత మెల్లగా దిగుతోంది. అరవై, యాభై రెండు, నలభై ఏడు. ఆ అంకెలు చెప్పి దానికి ధైర్యం చెప్పేదాన్ని. "పాప కదులుతుంది చూడు అత్తా," అని నా చేయి తీసి పొట్ట మీద పెట్టుకునేది. పాపే అని దానికి ముందే తెలిసినట్టు మాట్లాడేది.

ఎనిమిదో నెల నడుస్తుండగా, ఒక ఉదయం, పాప కదలడం లేదంది.

ఇదే కారణమని కచ్చితంగా చెప్పలేమని డాక్టరమ్మ అంది. ఆవిడ మంచిది, నా మొహం చూసి అలా చెప్పింది. నేను ఆవిడతో వాదించలేదు.

ఆడపిల్ల. జుట్టు ఒత్తుగా ఉంది. మా వదిన జుట్టు. భాస్కర్ ఒరిస్సా నుంచి లారీ వదిలేసి బస్సులో వచ్చాడు. వచ్చి, తువ్వాల్లో చుట్టిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను ఒక్క మాట అని ఉంటే తేలికపడేదాన్ని, అనలేదు. అతనికి నేనంటే గౌరవం.

మాలో పసిపిల్లలను కాల్చరు, పూడుస్తారు. మా చెల్కలోనే, మా అమ్మానాయనలను, వదినను పెట్టిన మూల ఉంది. అన్న గడ్డపార తీసుకుని అక్కడిదాకా వెళ్లాడు. నిలబడ్డాడు. వెనక్కి తిరిగి నా వైపు చూశాడు.

"చెల్లె, ఏ మన్నుల పెట్టాలె?" అన్నాడు.

దెప్పడానికి అడగలేదు. మా అన్నకు దెప్పడం రాదు. నిజంగానే తెలియక అడిగాడు. మట్టి విషయం ఏదైనా ముప్పై ఏళ్లుగా నన్నే అడుగుతాడు, ఇదీ అడిగాడు. నోరు తెరిస్తే ఏడుపు తప్ప ఏమీ రాలేదు. సాయవ్వే కర్ర ఊనుకుంటూ ముందుకు వచ్చి, "ఏ మన్నైతేంది కొడుకా, అమ్మమ్మ పక్కన పెట్టు," అంది. అన్న తవ్వాడు. తవ్విన కొద్దీ ఆ కమ్మటి వాసన లేస్తూనే ఉంది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

పది రోజులు ఆగి డైరెక్టర్ దగ్గరికి వెళ్లాను. జరిగింది చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డారు. బాధపడి, "ఒక్క అమ్మాయి తిన్నదని నలభై ఊళ్ల పథకం ఆపలేం కదమ్మా. మట్టి తినరాదని పొలాల దగ్గర బోర్డులు పెట్టిద్దాం," అన్నారు.

"ఒక్క అమ్మాయేనా సార్? నాకూ తెలియదు. కనుక్కుని వస్తాను," అన్నాను.

సాయవ్వను వెంటబెట్టుకుని ఊళ్లో ఇల్లిల్లూ తిరిగాను. నేను అడిగితే ఒక్కరూ ఒప్పుకోలేదు. "అయ్యో, మేమెందుకు తింటం మేడం," అని నవ్వారు, ఢిల్లీ ఆవిడ ముందు నేను నవ్వినట్టే. సాయవ్వ నన్ను వాకిట్లో నిలబెట్టి, తనొక్కతే లోపలికి పోయి, "నేను గూడ ఐదుగురిని కన్న, ఐదు కాన్పులకు మన్ను బుక్కిన, నాకు చెప్పుండ్రి," అంది. మా ఒక్క ఊళ్లోనే తొమ్మిది మంది తేలారు. నలుగురు గర్భిణులు. ఒకరు ఆరేళ్ల పిల్ల. తొమ్మిది మందికీ రక్తపరీక్షలు చేయించి, కాగితాలన్నీ డైరెక్టర్ బల్ల మీద పెట్టాను. ఆయన బోర్డుల మాట మళ్లీ ఎత్తలేదు.

పాత భద్రతా పత్రం తెప్పించుకుని, పద్దెనిమిదో ప్రశ్న దగ్గర నా జవాబు కొట్టేసి కొత్తది రాశాను. 'తింటారు. మా అమ్మ తిన్నది. నేను తిన్నాను. నా మేనకోడలు తిన్నది. ఈ సంగతి నాకు ముందే తెలుసు.' కింద సంతకం చేశాను. పథకం ఆగింది, నా మీద విచారణ వేశారు, అది ముగిశాక ముందస్తుగా రిటైరయ్యాను. అందులో నాకేమీ అన్యాయం జరగలేదు.

కానీ సీసం ఇంకా మా పొలాల్లోనే ఉంది. నల్లెరువు ఆపేస్తే ఆ జీవి చస్తుంది, గింజలు విచ్చుకుంటాయి, విషం మళ్లీ కూరలోకి ఎక్కుతుంది. వేస్తే మట్టి కమ్మగా ఉంటుంది. ఏం చేయాలో తెలియక సతమతమవుతుంటే, దసరా వెళ్లిన వారానికి వినోద నా దగ్గరికి వచ్చి కూర్చుంది. మనిషి సగమైంది.

"అత్తా, గా వాసన తీసెయ్యరాదూ," అంది.

నేను తల తిప్పి దాని వైపు చూశాను.

"నిన్న వాన పడ్డది. నా బిడ్డ గా మన్నులనే ఉన్నది. అన్నీ ఎరికె నాకు. గయినా వాసన రాంగనే నోట్లె నీళ్లూరినయి." రెండు చేతులతో మొహం కప్పుకుంది. "నా మీద నాకే రోత పుడుతున్నది అత్తా. తీసెయ్యి."

పదిహేడో నంబరు సీసా ల్యాబులో ఇంకా ఉంది. వాసన పుట్టించదు, ఉన్నదాన్ని తినేస్తుంది, పైగా ఇరవై రెండును నెట్టేసి తానే అల్లుకుంటుంది. ఒకసారి నేలలో పడితే, ఎరువు వేస్తున్నంతకాలం దాన్ని తీయడం ఎవరి వల్లా కాదు, ఎరువు ఆపడానికీ లేదు. అన్నకు అన్నీ చెప్పి, "వాసన ఇక ఎప్పటికీ రాదు అన్నా. నీ మనవల కాలానికి కూడా రాదు," అన్నాను.

అన్న చెల్కలో బిడ్డను పెట్టిన మూల వైపు చూశాడు. "ఏ మనవలు చెల్లె," అన్నాడు. "చల్లెయ్యి."

ఈసారి కడుపు పులుపు పరీక్ష పూర్తిగా చేశాం. ఈ గింజలు కూడా కరుగుతాయి. తినకుండా ఉండటమే మందు. ఊరంతా కూర్చోబెట్టి ఆ మాట దాచకుండా చెప్పాం, సాయవ్వే చెప్పింది. ఆ తర్వాతే, మా ఒక్క ఊరికి కమిటీ అనుమతి తీసుకుని, కార్తీకంలో ఊరి పొలాలన్నిటికీ కొత్త ఎరువు తోలాం. ఫసీ నల్ల బస్తాలు భుజాన వేసుకుని మోశాడు. సంక్రాంతి వెళ్లేసరికి ఊళ్లో మట్టి, తడిసినా ఎండినా, గాజుముక్కలా ఏ వాసనా లేకుండా అయింది. తొమ్మిది మంది ఆడవాళ్ల రక్తంలో సీసం దిగడం మొదలైంది. ఆ నలుగురు గర్భిణుల్లో ముగ్గురికి నెలలు నిండి పిల్లలు పుట్టారు. నాలుగో ఆమె సంగతి రాయలేను.

చైత్రంలో అన్న మక్కలు ఒలిచి వాకిలంతా ఆరబోశాడు. భాస్కర్ వినోదను తీసుకుని వచ్చాడు, నేనూ వెళ్లాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం లోపల నడుం వాల్చాం. ఎండ మండిపోతోంది. కాసేపటికి పెంకుల మీద టపటపమని చప్పుడైంది. ఏమిటో అనుకునేలోపు జోరందుకుంది.

బయటికి పరుగెత్తేసరికి వాకిలంతా నీళ్లు. మక్కలు నీళ్లలో తేలుతూ కాలువలోకి పోతున్నాయి. అన్న వాన మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులతో దోసిళ్లకెత్తి బుట్టలో పోసుకుంటున్నాడు. భాస్కర్ టార్పాలిన్ కోసం పరుగెత్తాడు. అవతలి ఊళ్లో వాన పడుతుంటేనే కనిపెట్టే మనిషి మా అన్న. చిన్నప్పుడు అమ్మ జొన్నలు ఒక్కసారి కూడా తడవనీయలేదు.

వినోద నా పక్కనే వాకిట్లోకి దిగింది. వంగి చిటికెడు తడిమట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు వాసన చూసింది. ఆ తర్వాత మట్టిని మెల్లగా జారవిడిచి, చేయి వానలో కడుక్కుని, తండ్రి పక్కన కూర్చుని మక్కలు ఏరసాగింది. ఏడుస్తోంది. నేను కూడా కూర్చున్నాను.

అన్న నా వైపు చూశాడు. గడ్డం మీదుగా నీళ్లు కారుతున్నాయి. తప్పు చేసినవాడిలా నవ్వబోయాడు.

"వాన వస్తున్నదని తెల్వలే చెల్లె," అన్నాడు.